ఎదిల్మా ఏడ్చిన మంగళవారం

బర్రాంకియా ఊళ్లో కార్నివాల్ పండగ నాలుగు రోజులూ ఏ ఇంటికీ తలుపు వెయ్యరు. ఆ ఏడు బారియో అబాహో పేటలో ఎదిల్మా ఇంటి తలుపు మాత్రం వేసే ఉంది. శనివారం పూల బళ్ల ఊరేగింపు వెళ్లిపోయింది. ఆదివారం పొడుగు ముక్కు ముసుగులవాళ్లు ఈలలూదుకుంటూ కిటికీ ముందు గెంతి పోయారు. సోమవారం ఎవరో అలవాటుగా గుమ్మం మీద గుప్పెడు మొక్కజొన్న పిండి చల్లి, లోపలి మనిషి సంగతి గుర్తొచ్చి, చీపురు తెచ్చి ఊడ్చేశారు కూడా. ఆ చీపురు చప్పుడుకే ఎదిల్మాకి ఒళ్లు మండింది.

"పండగ పిండి ఊడ్చే మొహాల్ని ఎప్పుడైనా చూశామటే?" అంది కూతురు యాదిరాతో.

"నీ మీద గౌరవంతోనే కదమ్మా. నాన్న పోయి నాలుగు నెలలేగా అయింది."

నికానోర్ అక్టోబరులో పోయాడు. ఆదివారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని, రేడియోలో ఆట వింటూ పోయాడు. ఎదిల్మా కాఫీ పట్టుకొచ్చి రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుంది.

అసలు చావు అంత చప్పుడు లేకుండా జరిగిపోయింది. అంతకుముందు మాత్రం అతను ముప్పై ఎనిమిదేళ్లపాటు ఏటా ఊరందరి ముందూ చచ్చాడు. కార్నివాల్ చివరి మంగళవారం ఆ ఊళ్లో హోసెలీతో అనేవాణ్ణి పాతిపెడతారు. పండగే మనిషి రూపమెత్తితే హోసెలీతో. నాలుగు రోజులు తాగి, ఆడి, అలిసిపోయి మంగళవారానికి కన్నుమూస్తాడు. ప్రతి పేటకీ ఒక హోసెలీతో, ఒక శవపేటిక, దాని చుట్టూ గుండెలు బాదుకునే నల్లబట్టల విధవలు. ఆ విధవల్లో సగంమంది మీసాలున్న మగాళ్లే. ఈ పేటకి హోసెలీతో నికానోర్. పెద్ద విధవ ఎదిల్మా.

ముక్కు మీద ఈగ వాలినా కదిలేవాడు కాదు నికానోర్. ఆమె పేటిక మీద పడి, "అయ్యో నా రాజా! పొయ్యి మీద కందుల పులుసు మాడుతుంటే పోతివా! మందుల కొట్టు పిల్లకి నీ నవ్వులన్నీ ఇచ్చి, నాకు నీ గురక మిగిల్చి పోతివా!" అని రాగం తీసేది. జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. శవం పెదవి కదపకుండా, ఆమెకి మాత్రమే వినపడేట్టు, "కాస్త మెల్లిగా ఏడువే, ఆ పిల్ల ఇక్కడే నిలబడింది," అనేది. ఒక ఏడాది ఉన్నట్టుండి వాన పట్టుకుంది. మోసేవాళ్లు పేటికని నడివీధిలో దింపేసి చూరుల కిందికి పరిగెత్తారు. నికానోర్ నిజంగానే నిద్రపోయాడు లోపల. లేచేసరికి పేటికలో జానెడు నీళ్లు, చుట్టూ నరమానవుడు లేడు. తడిసిన చావు పూలదండ మెళ్లో వేసుకుని, ఈలపాట పాడుకుంటూ ఇంటికి నడిచొచ్చాడు.

అంతటి ఏడుపుగత్తె, అక్టోబరులో అసలు సమాధి దగ్గర చుక్క కన్నీరు కార్చలేదు. పేటంతా ఆమె వైపే చూస్తోంది. నోరు తెరిస్తే కార్నివాల్ ఏడుపే వస్తుందేమోనని, ఎవరో ఒకరు నవ్వుతారేమోనని భయపడి పళ్లు బిగించుకుంది. ఆ బిగింపు అలాగే ఉండిపోయింది.

మంగళవారం మూడు దాటింది. డప్పులు వినపడాల్సిన వేళ. వీధిలో గాలి తప్ప చప్పుడు లేదు.

"ఏమే, ఈ ఏడు హోసెలీతో చావలేదా?"

యాదిరా తల వంచుకుంది. "వెనక వీధి నుంచి తీసుకెళ్తున్నారమ్మా. నువ్వు బాధపడతావని."

"పేటికలో ఎవరు?"

"రోకే బాబాయి."

రోకే ఎదురింటి మంగలి. నికానోర్ ప్రాణస్నేహితుడు. ఏటా దొంగ పాదిరీ వేషం కట్టి, బకెట్లో చీపురు ముంచి జనం మీద పవిత్ర జలం చల్లేవాడు. ఏటా పండగ ముందు, "ఒరేయ్, ఈసారన్నా నన్ను చావనివ్వరా," అని బతిమాలేవాడు. "నీకు చావడం చేతకాదురా," అనేవాడు నికానోర్.

ఎదిల్మా లేచి, బీరువాలోంచి నల్ల గౌను తీసింది. నిజం చావుకి వేసుకున్నది కాదు, జేబురుమాళ్లంత చిల్లులున్న పండగ గౌను. యాదిరా అడ్డొచ్చేలోపు గుమ్మం దాటింది.

వెనక వీధిలో ఆమెని చూడగానే డప్పులు ఆగిపోయాయి. మీసాల విధవలు పక్కకి తప్పుకున్నారు. పేటిక నేల మీద ఉంది. అందులో రోకే కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిళ్లు బిగించి పడుకున్నాడు.

ఎదిల్మా వంగి చూసింది.

"ఏమయ్యా రోకే, చచ్చావా, పన్ను పీకించుకుంటున్నావా?"

రోకే ఒక కన్ను తెరిచాడు. "వదినా... వీళ్లు బలవంతం చేశారు. వాడి చోట్లో పడుకోవడానికి నాకు మనసొప్పట్లేదు. లేచిపొమ్మంటావా?"

"శవానికి మాటలేంటి? కన్ను ముయ్యి. పిడికిళ్లు వదులు. ఆ దవడ కిందికి జార్చు. ముప్పై ఎనిమిదేళ్లు పక్కనే నిలబడి ఏం చూశావయ్యా నువ్వు?"

"నేను జనం మీద నీళ్లు చల్లేవాణ్ణి కదా వదినా."

"నోరు ముయ్యమన్నానా!"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. ఎదిల్మా అతని కాలి బొటనవేళ్లు రెండూ పట్టుకుని బయటికి వాల్చింది, గడ్డం కొంచెం పైకెత్తింది, వెనక్కి జరిగి చూసుకుంది. ఆ తర్వాత మోకాళ్ల మీద కూలబడి రాగం ఎత్తుకుంది.

"అయ్యో నా రాజా! ఊరందరికీ గడ్డాలు గీసి, నీ ముక్కులో వెంట్రుకలు మర్చిపోతివా!"

వీధి గొల్లుమంది.

"అయ్యో నా రాజా! ఆట ఎవరు గెలిచారో వినకుండా పోతివా! పిలిస్తే పలక్కపోతివా! కాఫీ చల్లారిపోయిందయ్యా, రెండుసార్లు పిలిచానయ్యా, పలక్కపోతివా!"

ముందు వరసలో నవ్వు ఆగిపోయింది. వెనకవాళ్లకి తెలియక ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఎదిల్మాకి ఆ నవ్వు కష్టమనిపించలేదు. ఆ నవ్వులో నికానోర్ ఎక్కడో దగ్గర్లోనే ఉన్నట్టుంది. నుదురు పేటిక అంచుకి ఆనించి, ఇక దేనికీ భయపడకుండా, గొంతెత్తి ఏడ్చింది. రోకే దవడ జార్చి కదలకుండా పడుకునే ఉన్నాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. శవం ఏడవకూడదని ఈసారి ఎవరూ అనలేదు.

ఎంతసేపటికో ఆమె ముక్కు చీది లేచింది. డప్పులవాడు కర్రలు గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

"వాయించవేం రా? మా వీధి మీంచి తిప్పండి. మా వీధేం పాపం చేసింది!"

మర్నాడు పొద్దున్న తల్లీకూతుళ్లు చర్చికి వెళ్లి, ఉపవాసాలు మొదలయ్యే రోజని నుదుట బూడిద గుర్తు పెట్టించుకుని తిరిగొస్తున్నారు. కాలవ పక్కన నలిగిన కాగితం పూలు. ఎదిల్మా ముఖం వాచి ఉంది, నడక మాత్రం తేలిగ్గా ఉంది. నాలుగు నెలలుగా భర్త పేరెత్తని మనిషి, మలుపు దగ్గర ఆగింది.

"మీ నాన్న నన్ను మొదటిసారి చూసింది ఇక్కడే. చూడటమేంటి, పిడికెడు పిండి తెచ్చి కంట్లో కొట్టాడు."

"నువ్వేం చేశావు?"

"చెంప పగలగొట్టాను. పాపం, అదిగో ఆ కుళాయి దగ్గర కూర్చోబెట్టి గంటసేపు నా కన్ను కడిగాడు. పది నిమిషాల్లోనే పోయిందిలే పిండి."

"మరి గంటసేపు ఎందుకు కడిగించుకున్నావు?"

"పోలేదని చెప్పాను," అంది ఎదిల్మా.