ఫెలోలకు మాత్రమే

ప్రసూతి వైద్యుల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చేసరికి డాక్టర్ మర్డో గెడ్డెస్ వార్డు చుట్టివచ్చి టీ తాగుతున్నాడు. అది పాఠాలు చెప్పే కాలేజీ కాదు. స్కాట్లాండ్‌లో కాన్పులు చేసే డాక్టర్లు పరీక్ష నెగ్గి ఫెలోలుగా చేరే సంఘం. ఎడింబరోలో దానికో రాతి భవనం, గోడల నిండా గతించిన అధ్యక్షుల పటాలు. ఏటా నవంబరులో ఒక బంగారు పతకం ఇస్తుంది. ఆ ఏడు పతకానికి మర్డో తన వార్డు సిస్టర్ ఎఫీ తుల్లోక్ పేరు పంపాడు.

పంపడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట అతను ఇన్వర్‌కెల్ రేవు ఆసుపత్రికి కొత్తగా వచ్చినప్పుడు, కాన్పయ్యాక తల్లికి ఎంత రక్తం పోయిందో డాక్టర్లు కంటితోనే చూసి చెప్పేవారు. కన్ను ఎప్పుడూ తక్కువే చెబుతుందని ఎఫీ అనుమానం. రేవులో చేపలు తూచే పాత త్రాసొకటి తెచ్చి, కడిగి, తడిసిన గుడ్డలను తూచడం మొదలుపెట్టింది. పొడి గుడ్డ బరువు తీసేసి మిగిలింది నోటుపుస్తకంలో రాసుకునేది. డాక్టర్లంతా నవ్వారు. మర్డో అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"ఏం సిస్టర్, ఇవాళ వలలో బాగానే పడ్డాయా?" అనేవాడు.

"నవ్వబ్బాయ్, నవ్వు. నీ కన్ను అర లీటరంటే నా త్రాసు లీటరున్నర అంటోంది. ఎవరు చెప్పింది నిజమో ఆ తల్లికి తెలుస్తుందిలే."

తెలిసింది. ఓ జనవరిలో కిర్‌స్టీ మెయిర్ అనే ఇరవైమూడేళ్ల పిల్లకు కాన్పు చేసి, కొంచెమే పోయింది, ఫరవాలేదు అన్నాడు మర్డో. ఎఫీ మూడుసార్లు వచ్చి త్రాసు లెక్క చెప్పింది. మూడోసారి విసుక్కున్నాడు. పట్నం నుంచి రక్తం సీసాలు వచ్చేలోగా ఆ పిల్ల పోయింది. ఎఫీ అతన్ని ఒక్క మాటా అనలేదు. ఆ మరుసటి వారం మర్డోయే వార్డులో కొత్త పద్ధతి పెట్టాడు. త్రాసు గీత దాటితే చాలు, డాక్టరు కోసం చూడకుండా సిస్టరే రక్తానికి కబురు పెట్టాలి. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఇన్వర్‌కెల్‌లో రక్తం పోయి ఒక్క తల్లీ చావలేదు. దాని గురించి వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. పైన మర్డో పేరు. ఆఖరున, చిన్న అక్షరాల్లో, సిస్టర్ తుల్లోక్‌కు కృతజ్ఞతలు.

ఆ చిన్న అక్షరాలు అతన్ని తొలుస్తూనే ఉండేవి. అందుకే పతకానికి ఆమె గురించి నాలుగు పేజీలు రాశాడు. కమిటీలో ఉన్న స్నేహితుడొకడు ఖాయమైనట్టే అని ఫోనులో చెబితే, ఆగలేక ఎఫీకి చెప్పేశాడు. అలాంటివి నాకెందుకయ్యా అని కొట్టిపారేసింది గానీ, ఆ సాయంత్రమే ఉత్తరాన దీవుల్లో, లెర్విక్‌లో ఉన్న అక్క జెస్సీకి ఉత్తరం రాసిందని వార్డంతటికీ తెలిసింది.

ఇప్పుడు వచ్చిన ఉత్తరంలో, పతకం ఆరో నిబంధన ప్రకారం ఫెలోలకు మాత్రమే ఇవ్వగలమని ఉంది. సిస్టర్ తుల్లోక్ ఫెలో కాదు. అయితే తమరు వర్ణించిన కృషి కమిటీని ఎంతగానో ఆకట్టుకున్నందువల్ల, ఆ విభాగం అధిపతిగా పతకాన్ని తమరికే ఇవ్వాలని ఏకగ్రీవంగా నిర్ణయించాం.

మర్డో వద్దని జవాబు రాశాడు. చించాడు. మళ్లీ రాశాడు. భార్య షోనా ఆ కాగితం చదివి పక్కన పెట్టింది.

"నువ్వు వద్దంటే ఆవిడకిస్తారా? ఇవ్వరు. గ్లాస్గోలో ఇంకొకడి మెడలో వేస్తారు. పుచ్చుకో. పుచ్చుకుని, వేదికమీద ఆవిడ పేరు గట్టిగా చెప్పు. అదే న్యాయం."

సబబుగానే తోచింది. తనకా పతకం కావాలనిపిస్తోంది కాబట్టే అంత సబబుగా తోస్తోందని అతనికి లోపల తెలుసు. వద్దన్న ఆ జవాబు పంపలేదు.

మర్నాడు ఎఫీతో చెప్పాడు. ఆమె దుప్పట్లు మడతపెడుతోంది. నిబంధన గురించి, తను చేయబోయే ప్రసంగం గురించి అతను చెప్పుకుపోతుంటే మడత ఆపలేదు. అంతా విన్నాక, "మా అక్క పడవ టిక్కెట్టు కొనేసింది," అంది. "రావద్దని ఎలా రాయను? వస్తాంలే ఇద్దరం. చూట్టానికి ఫెలోలే కానక్కర్లేదుగా."

నవంబరులో అక్కచెల్లెళ్లు వచ్చారు. జెస్సీ నీలం టోపీ కొత్తది. వాళ్లను వెనక వరసల్లో కూర్చోబెట్టారు. వేదికమీద అధ్యక్షుడు ఎర్ర అంగీలో నిలబడి ప్రశంస చదివాడు. "తోటివారు నవ్వినా లెక్కచేయక, చేపల త్రాసుతో తల్లుల ప్రాణాలు తూచిన మనిషి..." రెండో వాక్యానికే మర్డో గుర్తుపట్టాడు. అవి తన వాక్యాలే. ఎఫీ కోసం రాసిన నాలుగు పేజీలూ అలాగే ఉన్నాయి. ఆమె పేరున్న ప్రతిచోటా అతని పేరు పెట్టారు, అంతే. నవ్విన వాళ్లలో మొదటివాడు ఇప్పుడు నవ్వుల్ని ఓర్చుకున్నవాడయ్యాడు.

పతకం మెడలో పడింది. మాట్లాడటానికి రెండు నిమిషాలు. జేబులోని కాగితంలో ఎఫీ పేరు మూడుచోట్ల ఉంది. ఇప్పుడా పేరు చెబితే, ఇంతవరకూ చదివింది అబద్ధమని మూడొందలమంది ముందు అధ్యక్షుణ్ణి అన్నట్టే. ముందు వరసలో, తను విద్యార్థిగా ఉన్నప్పుడు నీవల్ల ఏమీ కాదన్న ముసలి ప్రొఫెసరు కళ్లు తుడుచుకుంటున్నాడు. మర్డో కాగితం బయటికి తీయలేదు.

"ఇది నా ఒక్కడిదీ కాదు. మా వార్డులో పనిచేసే వాళ్లందరిదీ," అన్నాడు.

ఎంత వినయమో అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

తర్వాత షెర్రీ వైను గ్లాసులు పట్టుకుని అందరూ తిరుగుతుంటే జెస్సీ నేరుగా అతని దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. అయోమయం ఉంది.

"బాబూ, ఇందాక చదివిందంతా మా ఎఫీ చేసిందే కదా? నాకు ఉత్తరాల్లో రాసేది. మరి పేరు తప్పు చదివారేం?"

ఎఫీ వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "పద జెస్సీ. రైలు వేళవుతోంది."

ఆదివారం మర్డో పతకం పెట్టె పట్టుకుని ఎఫీ ఇంటికి వెళ్లాడు. ఆమె లోపలికి రమ్మంది, టీ పోసింది. అతను పెట్టె బల్లమీద పెట్టి, ఇది మీదే సిస్టర్, తీసుకోండి అన్నాడు. ఆమె మూత తెరిచి, అంచు చుట్టూ చెక్కిన అక్షరాలు చదివింది.

"నీ పేరున్న దాన్ని నేనేం చేసుకోను?" అంది. "పతకం నేను అడగలేదు, మర్డో. ఇస్తారని నువ్వే చెప్పావు. నేను మా అక్కకి చెప్పాను. అది ఊళ్లో అందరికీ చెప్పుకుంది. నా వయసు యాభైతొమ్మిది. ఇన్నాళ్లలో ఎవరిముందూ అబద్ధాలకోరులా నిలబడలేదు. నిలబెట్టావు."

"చెబుదామనే వెళ్లాను సిస్టర్. అక్కడ..."

"కిర్‌స్టీ మెయిర్ అప్పుడు నువ్వు నా మాట వినలేదు. తెలియక వినలేదని సరిపెట్టుకున్నాను. మొన్న నీకు అన్నీ తెలుసు."

అతను పెట్టె తీసుకుని లేచాడు. ఆమె గుమ్మందాకా రాలేదు.

వేసవిలో ఎఫీ ఉద్యోగం మానేసి లెర్విక్ వెళ్లిపోయింది. వార్డులో అతన్ని కాదనేవాళ్లు లేకుండా పోయారు. పతకం వచ్చినవాడు కాబట్టి కాలేజీ అతన్ని కమిటీలో చేర్చుకుంది. రెండో ఏడు ఒక డాక్టరమ్మ, పసిపిల్లల కామెర్లు ముందే పట్టే తేలిక పరీక్ష కనిపెట్టిన ప్రయోగశాల మనిషి పేరు పంపింది. ఫెలో కాదు. మర్డో గొంతు సవరించుకుని, ఆరో నిబంధన మార్చాల్సిన వేళ వచ్చిందన్నాడు. అధ్యక్షుడు స్నేహంగానే నవ్వాడు.

"నిబంధన తప్పైతే మీ పతకమూ తప్పే కదా, గెడ్డెస్. అలా అని మీరెప్పుడూ అనలేదే."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తలా కాస్త నవ్వారు. మర్డో కాగితాలు సర్దుకున్నాడు. ఆరో నిబంధన ప్రకారం కుదరదని ఆ డాక్టరమ్మకు రాసిన జవాబు వరసగా అందరి చేతులూ మారి అతని దగ్గరికి వచ్చింది. కింద ఖాళీ ఉన్నచోట సంతకం చేసి, పక్కవాడికి అందించాడు.