బంతి పట్టుకున్న బొమ్మ

స్టీరింగు మధ్యలోంచి పేలిన ఎయిర్‌బ్యాగు తెల్ల సంచి నాలుకలా వేలాడుతోంది. పక్క సీటు ముందు ఇంకోటి. తలుపుల మీద కర్టెన్లలా మరో రెండు. కళ్లద్దాల షాపాయన వాటిని చూడలేక మెకానిక్ మొహం వంక చూస్తున్నాడు.

"ఇవి ఒకసారి పేలితే మళ్లీ మడిచి పెట్టేవి కావు సార్. అన్నీ కొత్తవి వెయ్యాలి. సెన్సార్లు, బెల్టులు, డాష్‌బోర్డు... మీరు బండి కొన్న రేటులో సగం పైనే అవుతుంది."

"గుద్దింది డివైడర్‌నే కదయ్యా! బంపర్ చూడు, సొట్ట కూడా సరిగ్గా పడలేదు."

"బండికేం తెలుసు సార్. దాని పని అది చేసింది."

బావమరిది నవ్వాడు. "నేను అప్పుడే మొత్తుకున్నాను బావా. డబ్బున్నవాళ్లు వాడి వదిలేసిన బండి చవగ్గా వస్తుంది గానీ దాని సామాను చవగ్గా రాదని. వింటేనా? అక్కా నువ్వూ ఒక్కటే మాట."

నిజానికి మాట భార్యది. ఆమె ఎమర్జెన్సీ వార్డులో నర్సు. ఏ కారులో వచ్చినవాళ్లు నడిచి లోపలికొస్తారో, ఏ కారులో వచ్చినవాళ్లను మోసుకొస్తారో ఏళ్ల తరబడి చూసిన మనిషి. ఆసుపత్రి ఊరి బయట, హైవే మీద. దాని పక్కనే కూతురి బడి. అదే డబ్బుకు కొత్త చిన్నకారు వస్తుందని ఆయన అంటే, "కొత్త సీటు వాసన ప్రాణం కాపాడుతుందా?" అంది. ఖరీదైన కారే, పాతది కొన్నారు. సంచులున్న చోటల్లా అచ్చువేసిన అక్షరాలను ఆమె వెతికి మరీ చూసుకుంది.

మొన్న షాపు నుంచి వస్తూ కుక్కను తప్పించబోయి ఆయన డివైడర్‌కు గుద్దాడు. ఒంటి మీద గీత పడలేదు. సంచులు లేకపోయినా పడేది కాదేమో. పాత సామాను అంటూ ఇన్సూరెన్సు వాళ్లు సగం కోసేశారు. ఉన్నది ఉన్నట్టు అమ్మితే వచ్చేది బ్యాంకు అప్పుకే చాలదు.

మెకానిక్ గొంతు తగ్గించాడు. "ఇంకో దారి ఉంది సార్. చాలామంది చేయించేదే. సంచులు కోసేసి పైన మూతలు అతికిస్తాను. వైరులో చిన్న ముక్క పెడితే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరిపోతుంది. సంచులు ఉన్నాయనే అనుకుంటుంది బండి."

"బండి అనుకుంటే సరిపోతుందా?"

"అక్క కూడా అనుకుంటుందిగా," అన్నాడు బావమరిది. తన మాటకు తనే నవ్వలేక తల దించుకున్నాడు.

ఆమె డ్యూటీ దిగి కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా అక్కడికే వచ్చింది. ఆయన ఏదీ దాచలేదు. వార్డులో డ్యూటీ అప్పగించుకునేటప్పుడు వినేట్టు, మధ్యలో మాట్లాడకుండా వింది.

"పోనీ బస్సులో..." అన్నాడాయన.

"నా డ్యూటీ వేళకు బస్సెక్కడుంది? మీ స్కూటర్ మీద దీన్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కనా?"

ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి మెకానిక్ ముందు ఆగింది.

"మూతలు అతికించు బాబూ. ఆ దీపం జోలికి మాత్రం పోకు."

"వెలుగుతూనే ఉంటుందమ్మా. స్టార్ట్ చేసినప్పుడల్లా టింగుమంటుంది."

"అననీ. ఏదో ఉందనుకుని నడపడం నా వల్ల కాదు."

కారు ఇంటికొచ్చిన మర్నాటి పొద్దున, ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె వెనక సీట్లో కూతురికి బెల్టు పెట్టింది. లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది. ముందుకొచ్చి కూర్చుని తాళం తిప్పింది. టింగుమంది. ఎర్ర దీపం వెలిగింది: సీట్లో కూర్చున్న మనిషి బొమ్మ, ముందు గుండ్రంగా ఒక సంచి.

పిల్ల మెడ సాచి చూసింది. "అమ్మా, ఆ బొమ్మ బంతి పట్టుకుని కూర్చుందేంటి? విసరదా?"

"మీ నాన్నను అడుగు."

ఆయన కిటికీ దగ్గర వంగాడు. పిల్ల ఆయన మొహం వంక చూస్తోంది.

"నెమ్మదిగా వెళ్లు," అన్నాడు, భార్యతో.

"నేను నెమ్మదిగానే వెళ్తాను. వెనకొచ్చే లారీవాడికి చెప్పండి."

కారు సందు మలుపు తిరిగింది. షాపు తెరవాల్సిన వేళ దాటింది. తాళంచెవులు చేతిలో పట్టుకుని, ఆసుపత్రికి చేరామని ఫోను వచ్చేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రం వాళ్లు తిరిగి రావాలి.