కల్నల్ గారి ఆఖరి కూత

మా అక్క మొగుడు కల్నల్ స్నెల్‌కి మాటల పుట్టుక చెప్పే జబ్బుండేది. ఇంగ్లండులో మా ఎక్స్‌మూర్ కొండల్లో దుప్పిని వేటాడి చంపాక కొమ్ముబూరాతో ఊదే పొడుగాటి కూతని పాతకాలంలో మోర్ట్ అనేవారు. కూత మిగిలింది, మాట పోయింది. ఆ పోయిన మాట మీద బావ పాఠం ముగిసేలోగా, ప్రతి ఆదివారం వాళ్ళింటి భోజనంలో నా ప్లేట్లో మాంసం చల్లారేది.

"ఫ్రెంచి మాటోయ్ అది! మోర్ట్ అంటే మరణం. చచ్చిన జీవికి మనం పెట్టే దండం!" అనేవాడు బావ.

పోయేముందు, తన సమాధి దగ్గరా అదే ఊదాలని నా చేత ఒట్టేయించుకున్నాడు.

పెట్టెను గోతిలోకి దించగానే బుగ్గలు పగిలేలా ఊదాను. పాదిరి గారు కళ్ళు తుడుచుకున్నారు. అంతలో చర్చి గోడ అవతలి కొట్టంలోంచి బావ పెంచిన వేటకుక్కలు తలుపు విరగ్గొట్టుకుని వచ్చి, గోతి చుట్టూ చేరి, చొంగ కార్చుకుంటూ తోకలాడించాయి. వేటలో ఆ కూత అవగానే దుప్పి పేగులు కోసి వాటి ముందు పడేసేది బావే.

"యజమాని మీద ఎంత ప్రేమో, పాపం!" అన్నారు పాదిరి గారు.

అక్క నల్ల ముసుగు పైకెత్తింది.

"ప్రేమా, పాడా! వాటికి ఫ్రెంచి రాదండీ. ఆ కూతంటే వాటికి వడ్డన అయిందనే," అని నా వైపు తిరిగింది. "చూస్తావేంట్రా, తొందరగా మట్టి పోసెయ్!"