టైరు మీద పసుపు

పసుపు పల్చగా కలిపితే టైరు మీద నిలవదు. నల్లటి రబ్బరు మీద నుంచి నీళ్లలా జారిపోతుంది. వేళ్లకు అంటుకునేంత చిక్కగా కలపాలి. ఈ సంగతి పెళ్లయిన కొత్తలో అత్తమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఈ ఇంటికి వచ్చిన ప్రతి బండికీ పసుపు రాసింది నేనే. మిర్చి బస్తాలు మోసే ట్రాలీకి, పోయిన మామయ్య మోటారు సైకిలుకు, కోల్డ్ స్టోరేజీ పనికి కొన్న జీపుకు. రాయడం నా వంతు, నడపడం వాళ్ల వంతు. ఒక్క నా స్కూటీకి మాత్రం నేనే రాసుకుని నేనే నడుపుకుంటున్నాను.

ఆ రోజు శ్రావణ శనివారం. ఖమ్మంలో తెల్లవారేసరికే ముసురు పట్టింది. గేటు పక్కన రేకుల షెడ్డు కింద నీలం రంగు స్పోర్ట్స్ కారు నేలకు కరుచుకుని ఉంది. మా ఆయన జయప్రకాశ్ దాన్ని హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేస్తే కొనుక్కొచ్చారు. దానికి రెండే సీట్లు. కొన్న రోజు అత్తమ్మ ముచ్చటపడి లోపలికి దూరి, "గిది కూసున్నట్టు లేదురా, పండుకున్నట్టున్నది. నన్ను లేపుండ్రి" అని చెయ్యి చాచింది. నలుగురున్న ఇంటికి రెండు సీట్ల బండి ఏమిటని నేను అడగలేదు. అడిగితే "నీకు స్కూటీ ఉన్నది గద" అంటారని తెలుసు.

కొత్త టైర్లతో అది మొదటి ప్రయాణం. ఆయన స్నేహితుల కార్లు వరసగా భద్రాచలం పోతాయి. మా పాప సాహిత్య వాళ్ల నాన్న పక్క సీట్లో. నేనూ అత్తమ్మా పులిహోర డబ్బా, పూజ సామాను పట్టుకుని బస్సులో. అలా నిర్ణయమైంది. నిర్ణయమైంది అంటే, ఆయన చెప్పారు, మేం విన్నాం.

టైర్ల ఎంపిక మా ఇంట్లో పెళ్లి సంబంధం వెతికినట్టు సాగింది. పాతవి అరిగిపోయాయని తెలిసిన రోజు నుంచి ఆయనకు అన్నం మీద ధ్యాస లేదు. ఒకే కంపెనీవి, ఒకే పేరువి, రెండు రకాలు తేలాయి. ఒకటి ‘ట్రాక్’, రెండోది ‘స్ట్రీట్’. "నువ్వు ఫిజిక్స్ చెప్తవు గద లతా, జర చదివి ఏది మంచిదో చెప్పు" అన్నారు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆయన స్నేహితుల ముందు నా పేరు ‘ఫ్రిక్షన్ మేడం’. ఆ పేరు వినగానే అందరూ నవ్వుతారు, నేను టీ కప్పులు తీస్తూ నవ్వుతాను. ఫోనును పప్పు డబ్బాకు ఆనించి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఆ టైర్ల గురించి దొరికిందల్లా చదివాను. చదువుతుంటే బాగుంది కూడా. చాలాకాలం తర్వాత ఎవరో నన్ను ఒక ప్రశ్న అడిగారు, జవాబు నా దగ్గర ఉంది.

‘ట్రాక్’ రకం మెత్తటి రబ్బరు. ఎండిన రోడ్డు మీద, వేడెక్కాక, దాని పట్టుకు ఏదీ సాటి రాదు. కానీ దాని బయటి సగం నున్నగా ఉంటుంది, గాడులు తక్కువ. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఆ నీళ్లు పోవడానికి దారి లేక టైరు తేలిపోతుంది. ముందు చిన్న హెచ్చరిక కూడా ఇవ్వదు. ‘స్ట్రీట్’ రకం కొంచెం నెమ్మది. దానికి లోతైన గాడులుంటాయి, నీటిని చీల్చి పక్కకు తోసేస్తుంది, పట్టు తప్పేముందు స్టీరింగుకు తెలియజేస్తుంది. ఇవన్నీ ఆయనకు చెప్పి, కొత్తగూడెం దాటాక అడవిలో వానాకాలం రోడ్డు ఎట్లా ఉంటుందో గుర్తు చేసి, ‘స్ట్రీట్’ వేయించండి అన్నాను. టైర్ల షాపు తోమాసన్న రెండు రకాలూ తెప్పించి పెట్టాడు. షాపు నుంచి వచ్చిన సాయంత్రం మా ఆయన చెప్పులు విప్పుతూనే, "నువ్వు చెప్పిందే పెట్టించిన. ఖుషేనా?" అన్నారు. నిజంగానే ఖుషీ అయ్యాను. ఆ రాత్రి ఆయనకిష్టమని గుత్తొంకాయ చేశాను. నా స్కూటీ వెనక టైరు నున్నబడిందని అప్పుడే ఒక మాట వేస్తే, "నువ్వు పొయ్యే స్పీడుకు అదే ఆగుతది తీ" అని నవ్వారు. దానిక్కూడా నేను నవ్వాను.

ఇప్పుడు పీట వేసుకుని ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. పళ్లెంలో నిమ్మకాయలు, కొబ్బరికాయ, కుంకుమ, కారు తాళం. పూజయ్యాక తాళానికి బొట్టు పెట్టి ఆయన చేతికివ్వాలి, మా ఇంటి పద్ధతి అది. నాలుగు వేళ్లతో పసుపు తీసి టైరు పక్కభాగం మీద గుండ్రంగా రాశాను. రబ్బరు మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాల అంచులకు పసుపు అంటుకుంది. నలుపులో కనబడకుండా ఉన్న మాట పచ్చగా పైకి తేలింది.

ట్రాక్.

తప్పు చదివానేమోనని చీర కొంగుతో తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ అదే తేలింది. నిమ్మకాయ పెట్టే నెపంతో చెయ్యి చక్రం ముందుకు పోనిచ్చి తడిమి చూశాను. బయటి సగం నా అరచేయిలా నున్నగా ఉంది. లేచి వెనక చక్రం దగ్గరికి పోయి రాశాను. అక్కడా అంతే. పసుపు రాసేవాళ్లు టైరు చదవరని ఆయన అనుకుని ఉంటారు. అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదేమో. ఇన్నేళ్లలో ఏ బండికి రాసినా నేను ఏదీ చదవలేదు మరి.

"లతా, జల్దీ కానియ్యి. వాళ్లు బైపాస్ దగ్గర ఎదురు చూస్తున్నరు" అన్నారు ఆయన గొడుగు కింద నుంచి.

"ఏవండీ, నేను చెప్పిందే పెట్టించానన్నారు కదా?"

ఆయన టైరు వైపు చూశారు. పచ్చటి అక్షరాలు ఆయనకూ కనబడ్డాయి. గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నారు. తర్వాత నవ్వబోయారు. "పెట్టిద్దామనే పోయిన లతా. గ్రూపుల అందరు ఇవే వేసిండ్రు. నేనొక్కడినే గవి వేసుకపోతే ఏమంటరు? నీకు చెప్తే ఊకుంటవా, రోజంతా లెక్చర్ ఇస్తవు. మూడ్ ఖరాబ్ ఎందుకని గట్ల అన్న. చిన్న మాట."

"వాన పడుతోందండీ."

"మెల్లగ పోత. నాకు నడుపుడు రాదా?"

సాహిత్య అప్పటికే కారెక్కి బెల్టు పెట్టుకుంది. అద్దం లోపల నుంచి నాకు చెయ్యి ఊపింది. నేను తలుపు తీసి, "దిగు నాన్నా. మనం బస్సులో పోదాం" అన్నాను.

"అమ్మా! డాడీ ప్రామిస్ చేసిండు!"

"ఇంకోసారి పోదువు. దిగు."

"నలుగుట్ల ఇజ్జత్ తీస్తవా లతా?" ఆయన గొంతు తగ్గించి అన్నారు. చుట్టూ నలుగురు ఎవరూ లేరు. అత్తమ్మ ఒక్కతే మెట్ల మీద సంచీ పట్టుకుని నిలబడి ఉంది. నేను పళ్లెం ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను. నిమ్మకాయలు దొర్లి తాళానికి తగిలి ఆగాయి.

"తాళం మీది. మీరు కూడా ఈ టైర్లతో పోవద్దనే చెబుతాను, వినడం మానడం మీ ఇష్టం. పాప మాత్రం మీ ఒక్కరిదే కాదు."

పెద్దగా అరవలేదు. పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను. సాహిత్య మూతి ముడుచుకుని దిగింది. అత్తమ్మ కొడుకు వైపూ నా వైపూ చూసి, చెప్పులు వేసుకుంటూ, "నడువుండ్రి, బస్సు పోతది" అంది. ఏమైందని అడగలేదు. ఆమె అడగకపోవడం కూడా ఆ పొద్దున నాకొక ఆసరా.

బస్సులో ఆడవాళ్లకు చార్జీ లేదు కనుక, కండక్టరమ్మ ముగ్గురికీ జీరో టికెట్లు చింపి ఇచ్చింది. కిటికీ పక్కన సాహిత్య అలిగి కూర్చుంది. మధ్యలో నేను, ఈ చివర అత్తమ్మ. నా గోళ్లలో పసుపు అలాగే ఉంది. చిన్న మాట, అన్నారు ఆయన. నిజానికి చిన్నదే. ఆయన చెడ్డవారు కాదు. వానలో కాలేజీ నుంచి వస్తే గేటు దాకా గొడుగు పట్టుకొస్తారు, జ్వరమొస్తే చారు కాచి ఊది ఊది తాగిస్తారు. ఆ గొడుగు అబద్ధం కాదు, ఆ చారు అబద్ధం కాదు. కానీ ‘నువ్వు చెప్పిందే’ అన్న మాట ఆయన నాతో ఇంకెన్నిసార్లు అన్నారో ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. వంటింటి కిటికీ పెద్దది పెట్టమన్నప్పుడు, నువ్వు చెప్పిందే మేస్త్రీకి చెప్పిన, వాడే వినలేదు అన్నారు. పాపను ఆ స్కూలు వద్దన్నప్పుడు కూడా అంతే. వీటన్నిటి వెనకా ఒకటి వచ్చి కూర్చుంది. అది చిన్నది కాదు.

పాప చంటిదిగా ఉన్నప్పుడు నాకు సర్కారు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పోస్టింగు భద్రాచలం జూనియర్ కాలేజీ. నేను ఎగిరి గంతేశాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, "నువ్వు చెప్పిందే అమ్మకు చెప్పిన లతా. ఒప్పుకుంటలేదు. ఒక్కదాన్ని ఇంట్ల ఎట్లుంటనని ఏడుస్తున్నది" అన్నారు. ఏడ్చిన పెద్దామెను మళ్లీ కదపడం ఎందుకని నేను నోరెత్తలేదు. చేరలేదు. ఆనాటి నుంచి అత్తమ్మకు అన్నం పెట్టాను, మందులిచ్చాను, తల దువ్వాను, కానీ మనసు విప్పి ఒక్క మాట చెప్పుకోలేదు.

పాల్వంచ దాటాక వాన పెరిగింది. రెండు పక్కలా టేకు చెట్లు, రోడ్డు మీద ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. బస్సు చక్రాలు ఆ నీటిని చీల్చుకుంటూ పోతున్న చప్పుడు కింద నుంచి వినిపిస్తోంది. అప్పుడు అడిగాను.

"అత్తమ్మా, నాకు భద్రాచలంలో ఉద్యోగం వచ్చినప్పుడు మీరెందుకు వద్దన్నారు?"

ఆమె చెవి నాకు దగ్గరగా పెట్టింది. "ఏంది?"

"ఆ ఉద్యోగం. ఒక్కదాన్నే ఉండలేనని మీరు ఏడ్చారట కదా."

అత్తమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నేనా? నన్నెవరు అడిగిండ్రు? నువ్వే వద్దన్నవని చెప్పిండు గద వాడు. పాప పసిదని, పోను అని నువ్వే కాయితం రాసిచ్చినవని. నేనప్పటికే మా తమ్మునికి ఫోన్ చేసి, మా కోడలు సర్కారు లెక్చరర్ అయిందని చెప్పుకున్న. మల్ల ఫోన్ చేసి కాదని చెప్పనీకె సిగ్గైంది." చీర కొంగు సర్దుకుని, "నీకు కొలువు ఇష్టం లేదనుకున్న. నాకు చాకిరి చేసుడు గూడ ఇష్టం లేదేమో, అందుకే ముచ్చట పెట్టదు అనుకున్న" అంది.

అత్తమ్మ నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, గోళ్లలోని పసుపును తన చీర అంచుతో మెల్లగా తియ్యడం మొదలుపెట్టింది. సాహిత్య అలక మరిచి మా ఇద్దరినీ చూస్తోంది.

"ఆ కొలువులు మల్ల పడ్తయా?"

"పడొచ్చు. పరీక్ష మళ్లీ రాయాలి."

"రాయి. ఈసారి వానితోటి చెప్పి పంపకు. నాతోటి చెప్పు."

అప్పుడే ఫోను మోగింది. ఆయన పంపిన ఫోటో. తోమాసన్న షాపులో మా కారు జాకీ మీద ఎత్తి ఉంది, పక్కన కొత్త టైర్లు నిలబెట్టి ఉన్నాయి. కింద రాశారు: "భద్రాచలం పోలేదు. నువ్వు చెప్పిందే పెట్టిస్తున్న."

మనిషి క్షేమంగా ఖమ్మంలోనే ఉన్నాడని తెలిసి ప్రాణం కుదుటపడింది. అది దాచుకోను. ఫోటో చాలా దూరం నుంచి తీసి ఉంది, టైర్లు నల్లటి సున్నాల్లా కనబడుతున్నాయి. ‘సంతోషం’ అని టైపు చేశాను. తర్వాత అది చెరిపేసి ఇలా రాశాను: "దగ్గర నుంచి తీసి పంపండి. అక్షరాలు కనబడాలి. ఇంటికొచ్చాక మీతో ఇంకో సంగతి కూడా మాట్లాడాలి, అత్తమ్మ ముందే."

ఫోను సంచీలో పెట్టేసరికి బస్సు గోదావరి వంతెన ఎక్కింది. కింద నది నిండుగా, మట్టి రంగులో పోతోంది. బస్సులో వాళ్లంతా గుడి ఉన్న వైపు తిరిగి దండం పెట్టారు. అత్తమ్మ కూడా పెట్టింది. పెట్టి, చేతులు దించుతూ నా వైపు తిరిగింది.

"లతమ్మా, దిగినంక ముందు నీ కాలేజి చూపియ్యి. గుడి యాడికి పోదు."