ఒకటే ఎండ

బిడ్డల్ని పెంచడంలో ఎమ్మిగనూరులో ఆ వీధికంతా పెద్దదిక్కు భీమక్క. మనవరాలు అశ్వినికీ ఆముదం రాసి, పొద్దున్నే నీరెండలో కాళ్లమీద పండబెట్టుకునేది. ఆ పిల్లకే ఒళ్లంతా బొబ్బలెక్కింది. మూడేళ్లకే మొహం నిండా నల్లమచ్చలు, కంటిపక్కన మానని పుండు. ఇక ఎండపొడ తగలకూడదని డాక్టర్లు తేల్చి చెప్పారు. కిటికీలకు దుప్పట్లు కట్టి పిల్లను లోపలే ఉంచుతున్నారు. "అవ్వే మాడ్చిపెట్టింది" అంది వీధి. కుండ మూయ మూకుడుంది గానీ లోకాన్ని మూయ మూకుడేదీ? భీమక్కకు అన్నం సయించడం మానేసింది.

చిన్నకూతురు వనజ ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. తల్లి చిక్కిపోవడం చూడలేక, ల్యాబులో సారునడిగి రెండు గాజుపళ్లేలు తెచ్చి ముందు పెట్టింది.

"ఇది ఈస్టు మా. బన్ను పిండి పొంగించేది. రెండింటిమీదా ఒకే దీపం, ఒకేసేపు పెట్టినాను. ఎండలో మనల్ని కాల్చేదే ఆ దీపంలోనూ ఉంటాది."

ఒకదాంట్లో ఈస్టు తెల్లచుక్కలుగా దట్టంగా మొలిచింది. రెండోది బోసిగా ఉంది.

"ఇవి యాల సచ్చిపోయినాయే?"

"ఎండ అందరికీ లోపల దెబ్బ కొడతాది మా, నీకూ నాకూ. మగ్గంమీద చెడిన పోగు కత్తిరించి కొత్తది అతుకుతారు సూడు, అట్లా బాగుచేసే పనోళ్లు మన ఒంట్లోనే ఉంటారు. ఈ బోసిదాంట్లో ఆ పనోళ్లు లేరు. మన అశ్వినికీ లేరు. నీ సేతిలో పాపం లేదు మా."

"అదేమే నేనూ అనుకుంటి! ఒకటే ఎండ, ఒకటే ఆముదం, మీకెవురికీ ఏం కాకపాయె!" భీమక్క భోరున ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! భీమక్క బడికి పోలేదు గానీ, అడగాల్సింది వదిలే మనిషి కాదు.

"మరి దానికి ఆ పనోళ్లు యాల లేకపాయె?"

వనజకు జవాబు తెలుసు. "మన రక్తం మనింట్లోనే ఉండల్ల" అని పట్టుబట్టి, పెద్దకూతుర్ని, అంటే అశ్విని తల్లిని, తన తమ్ముడు నరసింహకిచ్చింది భీమక్కే. వనజను రెండో తమ్ముడు అయ్యన్నకిస్తానని మాటా ఇచ్చేసింది. అయ్యన్నంటే వనజకు ప్రాణం. ఒక్క అబద్ధమాడితే చాలు, తల్లి మనసూ తన పెళ్లీ రెండూ నిలుస్తాయి.

"అవ్వా, పొద్దు పోయిందా? ఆడుకుంటా..." లోపల చీకట్లోంచి అశ్విని అడిగింది.

వనజ తలొంచుకుంది. "తల్లిలోనూ తండ్రిలోనూ ఆ లోపం దాగుంటే బిడ్డకు బయటపడొచ్చు మా. అక్కకూ నరసింహ మామకూ మనింటినుంచే వచ్చినట్టుంది. నాలోనూ ఉండొచ్చు. అయ్యన్న మామలోనూ."

భీమక్క బోసిపళ్లేన్ని దగ్గరికి లాక్కుని మరోసారి చూసింది. తర్వాత తమ్ముడికి ఫోను కలిపింది.

"అయ్యన్నా, నా మాట ఎనక్కి తీసుకుంటాండాను. వనజను నీకియ్యను. నీలో తప్పేం లేదప్పా... నీదీ నాదీ ఒకటే రక్తం, అందుకే."

వనజ ఏడుపు దిగమింగి లోపలికి పోయింది. పొద్దు గుంకింది. వనజ అశ్వినిని చంకనెత్తుకుని వాకిట్లోకి తీసుకొచ్చింది.