మామగారి ఎడమచేతి మోటారు

చిన్నల్లుడు పడవకి కొత్త మోటారు కొన్నాడు. కొంటే కొన్నాడు, దాన్ని తెచ్చి సరిగ్గా పెద్దల్లుడి పడవ పక్కనే కట్టాలా? అంత పొడుగు రేవులో ఇంకెక్కడా గుంజే దొరకలేదా?

పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయింది. మండిందని పైకి చెప్పుకుంటే నలుగురిలో పలచనైపోతాం కదా! అందుకని వెళ్ళి మోటారు మీద చెయ్యి వేసి, "బాగుంది తమ్ముడూ, చల్లగా ఉండు" అన్నాడు. ఆ మాట అంటుంటే పళ్ళు ఎక్కడ నొప్పెట్టాయో ఆయనకే తెలుసు. నల్లగా నిగనిగలాడుతోంది అది. తాడు లాగే పనే లేదు, మీట నొక్కితే లేచి కూర్చుంటుంది. రేవులో జనమంతా దాని చుట్టూ మూగి, పొగే లేదు చూడమని ఒకడు, పక్కవాడి మాట వినపడుతోంది చూడమని ఇంకొకడు. పక్కవాడి మాట వినపడి ఏం ఉద్ధరిస్తారట? వీళ్ళు మాట్లాడుకునేవన్నీ పనికిమాలిన మాటలే.

ఇద్దరూ తోడల్లుళ్ళు. అక్కని పెద్దాయన చేసుకున్నాడు, చెల్లెల్ని చిన్నాయన చేసుకున్నాడు. ఇద్దరి బతుకూ ఆ నీళ్ళ మీదే. అవతలి ఒడ్డున కాగితం మిల్లు ఉంది. పొద్దున్నే పనివాళ్ళని అక్కడ దించడం, సాయంత్రం తీసుకురావడం, మధ్యలో సామాను చేరవెయ్యడం. ఒకే పని, ఒకే నీళ్ళు. అయినా చిన్నల్లుడు ఏది పట్టుకున్నా బంగారమవుతుంది. వాడు మేడ వేశాడు. వాడి తలమీద జుట్టు ఇంకా అలాగే ఉంది. వాడు జోకు వేస్తే, అది ఎంత పాతదైనా సరే, అందరూ నవ్వుతారు. ఇన్ని చూసి కూడా పెద్దల్లుడు పిచ్చెక్కకుండా నిలబడ్డాడంటే దానికి కారణం ఒక్కటే. మామగారు తన మోటారు ఆయనకిచ్చారు.

మామగారు ఒకప్పుడు ఆ రేవుకి రాజు. మోకాలి ఆపరేషనుకి వెళ్ళే ముందు పెద్దల్లుణ్ణి పిలిచి, చిన్నల్లుడు చూస్తుండగానే, మోటారు ఆయన చేతుల్లో పెట్టి "ఉంచుకో" అన్నారు. ఆ ఒక్క మాటే పెద్దల్లుడి ఆస్తి. చిన్నల్లుడి మేడ ముందు నుంచి నడిచిన ప్రతిసారీ ఆ మాటని లోపల ఒకసారి తడుముకునేవాడు. ఎన్నుంటే ఏం, మామయ్య నాకే ఇచ్చారు అనుకుంటే కడుపులో మంట కాస్త చల్లారేది.

ఆ మోటారుకి ఒక పెంకితనం ఉంది. మామగారిది ఎడమచేతి వాటం. ఏళ్ళ తరబడి ఎడమచేత్తో ఒకే పక్కకి లాగి లాగి, తాడు బయటికొచ్చే కన్నం ఆ పక్కకి అరిగిపోయింది. కుడిచేత్తో లాగితే తాడు మధ్యలో బిగుసుకుంటుంది. పెద్దల్లుడు అరచెయ్యి బొబ్బలెక్కించుకుని ఎడమచేత్తో లాగడం నేర్చుకున్నాడు. అది ఆయన గొప్ప. అన్నం కుడిచేత్తో, మోటారు ఎడమచేత్తో అని చెప్పుకుని మురిసిపోయేవాడు.

అలాంటి మోటారు మంచానపడింది. నడి నీళ్ళలో మిల్లు పనివాళ్ళని పెట్టుకుని ఆగిపోతే చిన్నల్లుడు వచ్చి తన కొత్త మోటారుతో లాక్కొచ్చాడు. లాక్కొచ్చి, "పర్లేదన్నయ్యా, మనలో మనకేంటి" అన్నాడు కూడా. ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండేది.

రేవు పక్క రేకుల షెడ్డులో మోటార్లు బాగుచేసే ఆయన్ని అందరూ స్పానర్ బాబాయి అంటారు. ఆయన మూత తీసి, లోపల చెయ్యి పెట్టి, పెదవి విరిచాడు.

"పిస్టన్ గీసుకుపోయింది. రింగులు అరిగిపోయాయి. నీళ్ళ పంపు ఉందో లేదో దానికే తెలియదు. బాగుచెయ్యమంటే చేస్తా, ఇంకొన్నేళ్ళు లాగుతుంది. కొత్తది కొంటానంటే నీ భుజాలు బాగుపడతాయి. ఏదో ఒకటి తేల్చు, నాన్చకు."

ఇంట్లో భార్యది ఒకటే పాట. "బాగుచేయించండి. మా నాన్న చేతి మోటారు అది. మా మరిది కొన్నాడని మీరూ కొంటారా? పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు!"

"అంటే వాడు పులి, నేను నక్కనా?"

"సామెత చెప్పానండీ బాబూ!"

"నీకు సామెతలో కూడా మరిదే పులి."

ఆవిడ గరిట అక్కడ పడేసి అవతలికి పోయింది. పెద్దల్లుడు ఒక్కడే కూర్చుని తేల్చేసుకున్నాడు. పాతది అమ్మేస్తాడు. కొత్తది, చిన్నల్లుడి దానికంటే ఒక సైజు పెద్దది కొంటాడు. దాన్ని తీసుకెళ్ళి చిన్నల్లుడి పడవ పక్కనే కడతాడు. అప్పుడు వాడు వచ్చి, "బాగుంది అన్నయ్యా" అనాలి. అది తను వినాలి. మోటారు కొనడానికి ఇంతకంటే పెద్ద కారణం ఏం కావాలి?

స్పానర్ బాబాయికి చెబితే ఆయన చెవి గోక్కున్నాడు. "పాతదాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకుంటానని ఒకాయన అడిగాడులే. పేరు చెప్పొద్దన్నాడు."

"దాన్ని కొనే పిచ్చోడెవడు?"

"పిచ్చోడో మంచోడో, నీకెందుకు? రేపొచ్చి ఊ అను, చాలు."

మర్నాడు ఊ అనడానికే వెళ్ళాడు. షెడ్డు ముందు బల్ల మీద మామగారు రోజూలాగే టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నారు. కాలు నయమైన దగ్గర్నుంచీ ఆయనకి అదే చోటు. లోపల్నుంచి తాడు లాగుతున్న చప్పుడు వినిపించింది. పెద్దల్లుడు తొంగిచూశాడు.

కొయ్య స్టాండుకి బిగించిన పాత మోటారు ముందు చిన్నల్లుడు నిలబడి ఉన్నాడు. ఎడమ అరచేతికి రుమాలు చుట్టుకున్నాడు. ఎడమచేత్తో తాడు లాగుతున్నాడు. అది ప్లగ్గు కూడా లేని మోటారు, ఎంత లాగినా లేవదు. అయినా లాగుతున్నాడు, పెదవి కొరుక్కుంటూ, చెమటలు కక్కుకుంటూ.

"ఓహో!" అన్నాడు పెద్దల్లుడు. "ఆ పిచ్చోడివి నువ్వేనా?"

చిన్నల్లుడు ఉలిక్కిపడి తాడు వదిలేశాడు. "అన్నయ్యా, అదీ..."

"నీకు కొత్తది ఉంది. మీట నొక్కితే లేస్తుంది. మేడ ఉంది. నెత్తిన జుట్టుంది! ఇదొక్కటీ కూడా నీకే కావాలా? నా దగ్గర ఏమీ మిగల్చవా?"

"జుట్టెందుకొచ్చింది మధ్యలో?" అన్నాడు చిన్నల్లుడు. తర్వాత వాడికీ కోపం వచ్చింది. "అవును, కావాలి. మామయ్య మిమ్మల్ని పిలిచి ఇచ్చారు, నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడనైనా చూడలేదు. మీ పడవ వస్తుంటే రేవులో అందరూ 'మామగారి మోటారు వచ్చింది' అంటారు. నా పడవ వస్తే ఏమంటారో తెలుసా? 'పక్కకి జరగండి, తడుస్తారు' అంటారు. అంతే! ఆ మేడ చూసుకుని కుళ్ళుకునేది మీరు. మిమ్మల్ని చూసి నేనెంత ఏడ్చానో మీకేం తెలుసు?"

అబ్బ! ఆ మాట పెద్దల్లుడి చెవిలో తేనె పోసినట్టయింది. వీడు నన్ను చూసి ఏడ్చాడా? ఇన్నేళ్ళూ? ఆయన ఛాతీ దానంతటదే పొంగింది. పెద్ద మోటారూ వద్దు, ఏమీ వద్దు. ఈ సంగతి ముందే తెలిస్తే హాయిగా నిద్రపోయేవాడు కదా!

"అయితే విను. నేను అమ్మను. నీకు అస్సలు అమ్మను. మామయ్య నన్ను పిలిచి, నా చేతుల్లో పెట్టి, ఉంచుకో అన్నారు. నన్ను! ఉంచుకో అని!"

"ఉంచు అన్నాను."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు, చేతిలో ఖాళీ టీ గ్లాసు.

"ఏంటి మామయ్యా?"

"ఉంచు అన్నాను. కాలు బాగయ్యేదాకా నీ దగ్గర ఉంచు అని. ఆ 'కో' నువ్వు తగిలించుకున్నావు."

స్పానర్ బాబాయి తలెత్తకుండా ఏదో నట్టు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

పెద్దల్లుడు ఆ రోజుని గుర్తు తెచ్చుకున్నాడు. మోటారు బరువు గుర్తుంది. మామగారి చేతుల పెట్రోలు వాసన గుర్తుంది. చిన్నల్లుడి మొహం మాడిపోవడం ఎంత బాగా గుర్తుందో చెప్పక్కర్లేదు. ఆ మాట కోసం ఎంత వెతికినా 'ఉంచు' దాకానే వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"మరి... కాలు బాగయ్యాక అడగొచ్చుగా మామయ్యా?" అన్నాడు పెద్దల్లుడు.

"ఏమని అడగను? కూతుర్నిచ్చినవాణ్ణి. మోటారు నాకిచ్చెయ్యి అల్లుడూ అని నీ గుమ్మంలో నిలబడనా? నువ్వే తెచ్చిస్తావని చూశాను. ఇవాళ తెస్తావు, రేపు తెస్తావు అని ఈ బల్ల మీద కూర్చున్నాను. నీ మొహం చూద్దామని కూర్చున్నాననుకున్నావా? నా చేత్తో అరగదీసిన తాడు నువ్వు లాగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. నువ్వు ఎడమచేత్తో లాగడం నేర్చుకున్న రోజైతే అన్నమే తినబుద్ధి కాలేదు."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళి మోటారు మూత మీద అరచెయ్యి ఆనించారు. అల్లుళ్ళిద్దరూ స్కూల్లో తిట్లు తిన్న పిల్లల్లా నిలబడిపోయారు. పెద్దల్లుడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గు పడుతూనే, ఆ చెయ్యి మోటారు మీద అంత చనువుగా వాలడం చూసి లోపలెక్కడో చురుక్కుమంది కూడా. పాడు బుద్ధి!

"బాబాయ్," అన్నాడు నేలచూపులు చూస్తూ. "బాగుచెయ్యి."

"ఎవరి కోసం?"

"దాని సొంతదారు కోసం."

పిస్టన్ మారింది, రింగులు మారాయి, పంపు మారింది. తాడు కన్నం మాత్రం మార్చొద్దని మామగారు దగ్గరుండి చెప్పారు. మోటారుని పెద్దల్లుడే భుజాన మోసుకెళ్ళి తన పడవకి బిగించాడు. చిన్నల్లుడు పెట్రోలు డబ్బా తెచ్చాడు. మామగారు చెయ్యి ఎవరికీ ఇవ్వకుండా పడవెక్కి, ఎడమచేతికి తాడు మెలిపెట్టుకుని లాగారు.

ఒక్కసారికే అందుకుంది. పెద్దల్లుడికి ఎన్నడూ ఒక్కసారికి అందలేదు.

ముగ్గురూ అవతలి ఒడ్డుదాకా పోయి వెనక్కి వచ్చారు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే గాలికి అనుకుందామని అల్లుళ్ళిద్దరూ మొహాలు తిప్పుకున్నారు. రేవులో జనం లేచి నిలబడి "మామగారి మోటారు" అన్నారు. ఈసారి ఆ మాట నిజం.

ఒడ్డుకి చేరాక ఆయన దిగబోయి తూలారు. అల్లుళ్ళు చెరో చెయ్యి పట్టుకుని నిలబెట్టారు. భుజం రుద్దుకుంటూ మోటారు వైపు చూసి, "ఇక చాలు. నా వల్ల కాదు" అన్నారు. తాడు పిడిని పెద్దల్లుడి చేతిలో పెట్టారు.

"ఉంచుకోండి."

'కో' ఉంది! ఈసారి స్పష్టంగా విన్నాడు. ఆ వెంటనే ఆ 'అండి' తగిలింది. మామగారు తనని ఏనాడూ మీరు అన్న మనిషి కాదే! ఇంత గౌరవం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? అప్పుడు చూశాడు. పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, చిన్నల్లుడు నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. రుమాలు చుట్టిన ఎడమచెయ్యి అప్పుడే పిడి వైపు చాస్తున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్నారు నాన్న?"

"ఉంచుకోమన్నారు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "మిమ్మల్నా? మీ ఇద్దర్నా?"

"ముందు అన్నం పెట్టు" అని పెద్దల్లుడు చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.