విమానం దిగాక డెబ్బై కిలోమీటర్లు

ఏర్‌పోర్టు తెచ్చామని ఊరూరా ఫ్లెక్సీలు కట్టుకున్న పెద్దమనుషులారా, మీరు తెచ్చింది ఏర్‌పోర్టు కాదు. గుట్టల నడుమ ఇంత తారు పోసి, పక్కన ఒక అద్దాల షెడ్డు లేపి, రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. విమానం దిగుతుంది, ఒప్పుకుంటాం. దిగిన మనిషి ఇంటికి ఎట్లా పోవాలో మీకు తట్టనే లేదు. ఎట్లా తడుతుంది? మీరు దిగితే కారు తలుపు తీసి పట్టుకొని ఒకడు నిలబడి ఉంటాడు. ఓంప్రకాశ్ దిగిన రోజు ఎవడూ నిలబడలేదు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో కూర్చొని వినండి.

ఓంప్రకాశ్‌ది ధర్మపురి అవతల గోదావరి ఒడ్డున ఒక సాలెవాడ. పన్నెండేళ్లుగా భివండీలో సాంచలు నడుపుతున్నాడు. రోజుకు పన్నెండు గంటలు ఆ మరమగ్గాల చప్పుడులో నిలబడి నిలబడి చెవులు సగం పోయాయి. తండ్రి ఎప్పుడో పోయాడు. ఇంటి దగ్గర బీడీలు చుట్టే తల్లి చంద్రవ్వ, చెల్లెలు భవ్యశ్రీ. వైశాఖమాసం, మంగళవారం తెల్లవారుజామున చంద్రవ్వ గుండె పట్టుకొని వాకిట్లో ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు.

ఉన్న ఒక్క కొడుకు. తల్లి ముఖం చూడాలి, తలకొరివి పెట్టాలి. అతనికి కావలసింది ఆ రెండే.

భివండీ నుంచి బస్సెక్కితే తెల్లారి వస్తాడు. తోటి కార్మికులు నలుగురూ చేతులు కలిపి విమానం టికెట్టు తీశారు. పక్క సాంచల రంజిత్ అతని భుజం మీద చెయ్యేసి, "కిటికీ కాడ కూసో మామా. మీ అవ్వ పైకే పోయింది గదా, నడుమల ఎక్కడన్న కనవడుతదేమో" అన్నాడు. నవ్వించబోయినవాడే ముందు ఏడ్చాడు.

ఓంప్రకాశ్ పెదనాయన లచ్చయ్యకు ఫోన్ చేశాడు. వాడలో చావైనా పెండ్లైనా లచ్చయ్య మాటే మాట.

"పెద్దబాపూ, విమానంల వస్తున్న. పగటీలి రెండున్నరకే దిగుత."

"మనకాడ విమానం దిగుతదారా?"

"నెల దాటింది షురువై. దిగినంక ధర్మపురికి బస్సు ఉంటదని టికెట్ మీదనే రాసిండ్రు. గంటన్నరల మీ ముంగట ఉంట."

"గట్లయితే మంచిగనే ఉంది. బస్సుకొస్తనంటే రేపటిదాక మంచుపెట్టె తెప్పిస్తుంటిమి. ఇయ్యాల్నే సాగనంపుదాం. ఎండలు జూస్తివా, ఎట్ల మండుతున్నయో."

మంచుపెట్టె తెప్పించలేదు. ఆ విమానాన్ని నమ్ముకున్నారు.

విమానం మాత్రం మాట తప్పలేదు. రెండున్నరకే చక్రాలు నేలను తాకాయి. సీటులోంచే ఓంప్రకాశ్ చెల్లెలికి ఫోన్ చేశాడు. "భవ్యా, వచ్చిన. పెద్దబాపుతోని పాడె లేవట్టుమని చెప్పు. నేను తోవల్నే కలుస్త."

ఇదీ అతను చేసిన తప్పు. జీవితాంతం అతన్ని కొరికే తప్పు. బస్సు దిగిన మనిషి బస్టాండులో ఉంటాడు, బస్టాండు నుంచి ఇల్లెంత దూరమో అతనికి తెలుసు. ఏర్‌పోర్టు కూడా అట్లాంటిదే అనుకున్నాడు.

అక్కడ లచ్చయ్య డప్పు కొట్టించాడు. పాడె లేచింది. మన దిక్కు పాడెను నేరుగా శ్మశానానికి తీసుకుపోరు. నడుమ ఒకచోట కిందికి దింపుతారు. దాన్ని దింపుడు కల్లం అంటారు. అక్కడ దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏ మూలనో ప్రాణం మిగిలి ఉంటే పలుకుతుందని ఆశ. ఒకసారి ఇల్లు విడిచిన పాడె మళ్లీ ఇంటికి రాదు. పొద్దు గూకాక చితి అంటించరు. రాత్రంతా తోవ పక్కన ఉంచరు. పాడె లేచిందంటే అయిపోయినట్టే, ఇక ముందుకే.

ఇక్కడ విమానం తలుపు తెరుచుకోలేదు. ఉన్నది ఒకటే నిచ్చెన. దాన్ని లాగే బండి మొరాయించింది. ఆరుగురు కలిసి చేతులతో నెట్టుకొచ్చేసరికి అరగంట. దిగి ఎండలో షెడ్డు దాకా నడిస్తే అక్కడ మళ్లీ ఆపారు. వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ ఒకటే తలుపు. పోయేవాళ్లందరినీ తడిమి, సంచులు విప్పి చూసి విమానంలోకి పంపిందాకా వచ్చినవాళ్లు నిలబడాలి.

"సార్, మా అవ్వ సచ్చిపోయింది. నన్నొక్కన్ని వదలుండ్రి" అని ఓంప్రకాశ్ తలుపు దగ్గరి జవానును బతిమాలాడు.

"సబ్ కో జల్దీ హై భయ్యా" అన్నాడు అతను, అందరికీ తొందరేనని, ముఖం చూడకుండానే.

బయటపడేసరికి మూడూ నలభై. బయట నీళ్లు పట్టని పూలమొక్కలు, విరిగిన బెంచీ ఒకటి. 'బస్సు ఆగుచోటు' అని కొత్త బోర్డు. దాని కింద ఒక కుక్క పడుకొని ఉంది.

ఓంప్రకాశ్ మళ్లీ లోపలికి పరుగెత్తి, టై కట్టుకున్న అధికారిని పట్టుకున్నాడు.

"బస్సేది సార్?"

"మొదట పదకొండు రోజులు నడిచిందండీ. జనం ఎక్కడం లేదని ఆపేశారు. అది బస్సులవాళ్ల విషయం. మా బాధ్యత విమానం వరకే."

"మరి టికెట్ మీద ఉన్నదని రాసిండ్రు?"

"అది టికెట్లవాళ్ల విషయం."

"ఆటోలు?"

"గేటు లోపలికి అనుమతి లేదు. మెయిన్ రోడ్డు మీద దొరుకుతాయి. ఆరు కిలోమీటర్లే."

ఆరు కిలోమీటర్లే! ఆ ఎండలో ఒకసారి నడిచి చూడవయ్యా, ఆ 'ఏ' దీర్ఘం ఎంత పొడుగుందో కాళ్లకు తెలుస్తుంది.

తెల్ల కారు ఒకటి ఇంకా కదలలేదు. అదే విమానంలో వచ్చిన విద్యాధర్ సామాన్లు పెట్టిస్తున్నాడు. పాత భూస్వాముల కుటుంబం, ఇప్పుడు వ్యాపారం. భార్య నిర్మలాదేవి అప్పటికే వెనక సీట్లో కూర్చుంది. ఒడిలో పసుపు బట్టలో చుట్టిన పట్టుచీర.

"సార్, ఎటు దిక్కు పోతున్నరు?"

"ధర్మపురికి. ఏం?"

ఓంప్రకాశ్‌కు ప్రాణం లేచి వచ్చింది. "జర నన్ను గూడ తీస్కపోండి సార్. ఎనుక సామాన్ల నడుమల కూసుంట."

"సామాన్ల నడుమ ఎందుకయ్యా, ముందర సీటు ఖాళీయే ఉన్నది, ఎక్కు" అంటూ విద్యాధర్ తలుపు తీశాడు. మంచివాడే. "ఏందీ, గింత పరేషాన్ల ఉన్నవ్?"

"మా అవ్వ సచ్చిపోయింది సార్. పొద్దుగూకక ముందే పోవాలె."

తీసిన తలుపు మీద విద్యాధర్ చెయ్యి ఆగిపోయింది. లోపల నిర్మలాదేవి "అయ్యో పాపం" అంది. ఒడిలోని పట్టుచీరను దగ్గరికి లాక్కుంటూ, "పొద్దుగూకంగ నరసింహస్వామి కల్యాణం చేయిస్తున్నం. పీటల మీద కూసునేది మేమే. మైల గదనయ్యా..." అంది.

"నేను దేన్ని ముట్టనమ్మా. ముడుసుకొని ఒక పక్కకు కూసుంట."

"ముట్టుడు సంగతి కాదు నాయనా. ఏమనుకోకు."

విద్యాధర్ నీళ్ల సీసా ఒకటి తీశాడు. చేతికివ్వలేదు. పక్కనున్న అరుగు మీద పెట్టి కారెక్కాడు. ముందరి సీటు ఖాళీగానే వెళ్లిపోయింది, ధర్మపురికి.

ఓంప్రకాశ్‌కు వాళ్లను తిట్టబుద్ధి కాలేదు. తన వాడలోనైనా కల్యాణానికి పోయేవాళ్లు చావుమైలవాణ్ణి బండెక్కించుకోరు. ఒక్క అబద్ధం చాలుండె. పెండ్లికి పోతున్నానంటే ఇంటిదాకా దించిపోదురు. తల్లి చచ్చిన రోజున కూడా పేదవాడికి అబద్ధం నోటికి రాకపోతే నడుచుకుంటూ పోవాల్సిందే.

నడిచాడు. గుట్టలను తొలిచి వేసిన ఆ రోడ్డు మీద చెట్టన్నది లేదు. నడుస్తూనే ఫోన్ చేశాడు. పెదనాయన కొడుకు పర్శరాములు అప్పటికే మోటార్‌సైకిల్ మీద ఎదురు బయలుదేరాడు. కానీ నడుమ డెబ్బై కిలోమీటర్లు, అందులో సగం తవ్విపోసిన రోడ్డు.

"ఏడున్నవన్నా?" భవ్యశ్రీ గొంతు బొంగురుపోయింది. "దింపుడు కల్లం కాడ దించి గంటయింది. అవ్వ మీద ఎండ వడుతున్నది. నేను కొంగు పట్టి నిలవడ్డ."

ఓంప్రకాశ్ నడక పెంచాడు.

ఫోన్ లచ్చయ్య తీసుకున్నాడు. "ఓంప్రకాశూ, ఇగ సూసుడు కాదురా. పిలిచేదన్న పిలువు. ఫోన్ మీ అవ్వ చెవుకాడ పెట్టిపిస్త."

వెనకనుంచి చిన్నమ్మ దేవవ్వ మాట వినబడింది. "ఫోన్ల పిలిస్తె సచ్చినోళ్లకు ఇనవడుతదా బావా?"

"బతికినోనికి ఇనవడుతది. పిలువనియ్యి."

రోడ్డు మధ్యలో ఓంప్రకాశ్ ఆగాడు. సాంచల చప్పుడుకు అలవాటుపడి ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. అరుస్తున్నట్టే పిలిచాడు.

"అవ్వా!"

అటునుంచి డప్పు ఆగిపోయింది.

"అవ్వా!"

ఎవరో ముక్కు చీదిన చప్పుడు.

"అవ్వా, వస్తున్ననే..."

పలకలేదు. ఎట్లా పలుకుతుంది? పాడె లేచింది.

మెయిన్ రోడ్డు మొదట్లో పర్శరాములు ఎదురయ్యేసరికి అయిదున్నర. ఓంప్రకాశ్ వెనక ఎక్కాడు. గుంతల్లో పడుతూ లేస్తూ బండి ఉరికింది. గోదావరి వంతెన ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా ఎర్రని పొద్దు గుట్టల మీదికి దిగింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అన్నా, ఎవలన్న మొగోళ్లు కొరివి పెట్టాలె అంటుండ్రు. వరుసకు కొడుకైతే చాలంటుండ్రు. అవ్వను నేను సూసుకున్న. నేనే పెడుతున్న. నువ్వేమంటవ్?"

"పెట్టు బిడ్డా" అన్నాడు ఓంప్రకాశ్. గాలికి మాట వినబడిందో లేదో. మళ్లీ అరిచాడు. "పెట్టు!"

వాళ్లు ఒడ్డుకు చేరేసరికి మంట మనిషెత్తు లేచింది. అందరూ స్నానాలకు నీళ్లలోకి దిగుతున్నారు. ఓంప్రకాశ్ చితి చుట్టూ ఒకసారి తిరిగాడు, ఏ వైపు తల ఉందో కూడా తెలియలేదు. చెల్లెలి చేతులకు మసి. ఆ చేతులు పట్టుకొని ఇసుకలో కూలబడ్డాడు.

మూడో రోజు కాకులకు పెట్టడం అయిపోయింది. నాలుగో రోజు ఓంప్రకాశ్ గుండుతోనే గడప దాటబోయాడు. "పదొద్దులు కాకముందు ఊరు దాటద్దురా" అని లచ్చయ్య అడ్డం నిలబడ్డాడు. "ఏర్‌పోర్టుకు పోతున్న పెద్దబాపూ" అన్నాడు ఓంప్రకాశ్. కాసేపటికి లచ్చయ్యే చెప్పులు తొడుక్కున్నాడు. ట్రాలీ బండిలో వాడ నుంచి ముప్పైరెండు మంది ఎక్కారు. భవ్యశ్రీ ముందర కూర్చుంది.

విమానం దిగే వేళకు ఆ ఒక్క తలుపు ముందు అడ్డంగా కూర్చున్నారు. టై కట్టుకున్న అధికారి చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒక దరఖాస్తు రాసివ్వండి. పైకి పంపిస్తాం."

"దరఖాస్తు రాయను సార్" అన్నాడు ఓంప్రకాశ్, కూర్చున్నచోటి నుంచి కదలకుండా. "నోటితోనే చెప్త, నువ్వు రాసుకో. రేపు విమానం దిగే యాళ్లకు ధర్మపురికొకటి, మంథనికొకటి, నిర్మల్‌కొకటి బస్సు గీన్నే నిలవడి ఉండాలె. ఒక్కడెక్కినా కదలాలె. ఎవ్వడెక్కకున్నా తెల్లారి మళ్ల రావాలె. ఆటోలను గేటు లోపలికి రానియ్యాలె. వచ్చెటోళ్లకు వేరే తలుపు పెట్టాలె. బస్సోళ్ల విషయం, టికెట్లోళ్ల విషయం అని ఇంకోసారి అంటే ఊకోం. మేము లేవం. ఫోన్ తియ్యి సార్. ఎవలకు చెయ్యాల్నో వాళ్లకు, ఇప్పుడే, మా ముంగటనే చెయ్యి."